నాలుగు ఫ్రిజ్జుల్లో ఒకే పెట్టె

రేగడికండ్రిగ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఫార్మసిస్టు మునిశేఖర్‌కు ఆ అక్టోబరులో అంతుపట్టని విషయం ఒక్కటే. పాముకాటు మందు పెట్టె ఒకటి ఉంది. అందులో ఇరవై సీసాలున్నాయి. ఆ పెట్టె ఎవరిది?

కంప్యూటర్ని అడిగితే నీదే అంటుంది. అదే కంప్యూటరు చుట్టుపక్కల ఇంకో మూడు సెంటర్లలోనూ తలా ఇరవై సీసాలు ఉన్నాయంటుంది. మొత్తం ఎనభై. మునిశేఖర్ కళ్లారా చూసింది ఇరవై, బొమ్మరాయిపల్లె సెంటర్లో ఉన్నాయని విన్నది మూడు. మిగిలినవి ఎక్కడున్నాయో నాలుగు సెంటర్ల ఫార్మసిస్టులకూ తెలుసు. ఎక్కడా లేవు. తెలియనిదల్లా, ఉన్న ఆ ఒక్క పెట్టెకు సొంతదారు ఎవరన్నదే.

మునిశేఖర్‌కు యాభై రెండేళ్లు. సన్నటి మనిషి, వదులు చొక్కా. వాళ్ల నాయన నారాయణ చిత్తూరు మామిడికాయల మండీలో కాటా దగ్గర పనిచేసి పోయినాడు. కొడుకు తిరుపతిలో డీఫార్మసీ చదివి, చిత్తూరు కోర్టు ఎదురుగా మందుల షాపులో ఆరేళ్లు నిలబడి, ముప్పై దాటాక సర్కారు ఉద్యోగంలో పడ్డాడు. పల్లె ఆసుపత్రుల గురించి రాసేవాళ్లు డాక్టర్ల త్యాగం గురించో, నర్సుల ఓర్పు గురించో రాస్తారు. ఫార్మసిస్టు జోలికి ఎవరూ పోరు. అదీ మంచిదే, పోతే ఆయన్ని కూడా దేవుణ్ణి చేసి కూర్చోబెడతారు. మునిశేఖర్ దేవుడు కాడు. మధ్యాహ్నం సంగటి తిన్నాక బల్ల మీద తల వాల్చి అరగంట కునుకు తీసే మనిషి. చీటీలో ఐదు రోజుల బిళ్లలు రాసుంటే మూడు రోజులవి ఇచ్చి, "తగ్గకపోతే రా, మిగతావి ఇస్తా. తగ్గితే ఇంకొకరికి అవుతాయి" అనే మనిషి. పుస్తకం ప్రకారం అది తప్పు. కానీ నెలాఖర్లో కూడా జ్వరం బిళ్లలు దొరికే సెంటరు ఆ చుట్టుపక్కల అదొక్కటే.

ఇరవై ఏళ్ల ఉద్యోగంలో ఆయనకు తెలిసొచ్చిందేమంటే, జనానికి జబ్బులు రావడానికీ సెంటరుకు మందులు రావడానికీ ఏ సంబంధమూ లేదని. అవి పుత్తూరుకు దగ్గర ఊళ్లు. చెయ్యి విరిగినా కాలు విరిగినా జనం ఆటో ఎక్కి నేరుగా పుత్తూరు కట్టుకు పోతారు గానీ, ఆరోగ్య కేంద్రం గడప తొక్కరు. అయినా మూడు నెలలకొకసారి పిండికట్టు పట్టీలు మాత్రం పెట్టెలు పెట్టెలుగా దిగుతాయి. వద్దని ఆయన రెండుసార్లు రాసినాడు. మూడోసారి రెట్టింపు వచ్చినాయి. "నువ్వు రాసే కొద్దీ వాళ్లకు గుర్తొస్తా ఉంది సార్, రాయడం మానుకో" అని నర్సు నిస్సీ సలహా ఇచ్చింది. ఆయన మానుకున్నాడు.

పాముకాటు మందు కథ దీనికి తలకిందులు. ఏ మందైనా వాడినట్టు కంప్యూటర్లో ఎక్కాలంటే రోగి ఆధార్ కార్డు కావాలి, ఆ రోగి ఫోనుకు వచ్చే నంబరు కావాలి. చెనిక్కాయల చేలో పాము కరిచిన మనిషి కార్డు వెంటబెట్టుకుని రాడు. ముందు మందు ఎక్కిస్తారు. మనిషి బతికి బయటపడ్డాక కార్డు పట్టుకుని మళ్లీ ఎందుకొస్తాడు? అట్లా రెండేళ్లలో, ఆ ఒక్క పెట్టె తప్ప, నాలుగు సెంటర్ల ఫ్రిజ్జులూ ఖాళీ అవుతూ వచ్చినాయి, కంప్యూటరు మాత్రం నిండుగానే ఉండిపోయింది. సరుకున్న సెంటరుకు గిడ్డంగి వాళ్లు మళ్లీ సరుకు పంపరు. వాళ్ల లెక్క ప్రకారం అది న్యాయమే.

దీనికి తోడు జిల్లా రెండైంది. ఆ నాలుగు సెంటర్లూ ఒకదానికొకటి పదీ పదిహేను కిలోమీటర్ల దూరం. మునుపు ఒకరికి తక్కువైతే ఇంకొకరు పంపి, కంప్యూటర్లో ఫలానా సెంటరుకు ఇచ్చామని నొక్కేవాళ్లు. జిల్లా చీలినాక రేగడికండ్రిగ తిరుపతి వైపు పడింది, బొమ్మరాయిపల్లె చిత్తూరులో ఉండిపోయింది. ఇచ్చామని నొక్కుదామంటే ఆ జాబితాలో పక్క జిల్లా ఊరి పేరే కనబడదు. పేరు కనబడలేదని ఇచ్చిపుచ్చుకోవడం ఆగిందా అంటే, లేదు. ఫోను చేసి అడగడం, బస్సు కండక్టరు చేతికి ఐసు డబ్బా ఇచ్చి పంపడం. దాన్ని వాళ్లు సర్దుబాటు అనుకునేవాళ్లు.

పోయిన ఏడాది బొమ్మరాయిపల్లెకు రూపశ్రీ అనే పిల్ల ఫార్మసిస్టుగా కొత్తగా వచ్చింది. మొదటి తనిఖీకి ముందురోజు ఫోను చేసింది.

"అన్నా, కంప్యూటర్లో ఇరవై ఉండాయి. ఫ్రిజ్జులో మూడే ఉండాయి. నేను వచ్చేప్పటికే అంతేనన్నా. నాకు మెమో ఇస్తారా?"

"ఇస్తారు" అన్నాడు మునిశేఖర్, అబద్ధం చెప్పడం తెలియక. ఆయనకు పాపం అనిపించింది. "సరే, నా దగ్గర ఒక పెట్టె ఉండాది. ఒక్క రోజుకు పంపిస్తా. చూపించి వెనక్కి పంపు."

తనిఖీ అయింది, పెట్టె తిరిగొచ్చింది. తర్వాతి నెల తాటిమిట్ట సెంటరు ఫార్మసిస్టు పాల్ అడిగినాడు. ఆ పైన నాలుగో సెంటరు చంద్రకాంతమ్మ అడిగింది. రెండు జిల్లాల అధికారులూ ఒకే రోజు తనిఖీకి రారు కాబట్టి పెట్టెకు తీరిక ఉండేది. అధికారుల కంటే ఒక పూట ముందు పోయి, వాళ్లు పోయినాక బస్సెక్కి తిరిగొచ్చేది. దీన్ని మంచితనం అనేవాళ్లున్నారు. ఒకరి పరువు ఒకరు కాపాడుకున్నారని మెచ్చుకోవచ్చు కూడా. ఈ ఏర్పాటులో పాము కరిచిన మనిషికి మాత్రం ఎక్కడా చోటు లేదు.

అక్టోబరు మూడో వారం గురువారం. బొమ్మరాయిపల్లెలో తనిఖీ. ఎనిమిదింబావు బస్సుకు మునిశేఖర్ డబ్బా ఎక్కించినాడు. కండక్టరు దాన్ని తన సీటు కింద పెట్టుకుంటూ, "ఏమప్పా, ఈ డబ్బా నాకంటే ఎక్కువ ట్రిప్పులు కొడతా ఉండాది" అన్నాడు.

పదకొండు గంటలకు నిస్సీ మందుల గదిలోకి వచ్చింది. "సార్, పాము కరిచిందంట. ఆడామె."

ఆమె పేరు చెంగమ్మ. నలభై ఏళ్లుంటాయి. చెనిక్కాయలు పీకుతా ఉంటే కుడి పాదం మీద కరిచింది. తమ్ముడు చిన్నబ్బ బండి మీద తెచ్చినాడు. అప్పటికే మడమ దాటి వాపు ఎక్కింది. పాము ఎట్లుందని అడిగితే, గొలుసు మచ్చలున్నాయని, కుక్కరు మాదిరి బుసకొట్టిందని చెప్పినాడు చిన్నబ్బ. రక్తపింజరి. డాక్టరు భానుశ్రీ ఆ సెంటరుకు వచ్చి నాలుగు నెలలు. ఆమె చెంగమ్మ రక్తం కొంచెం తీసి గాజు గొట్టంలో పోసి కదలకుండా నిలబెట్టి, గడియారం చూసింది.

"ఇరవై నిమిషాలు చూద్దాం. గడ్డ కట్టకపోతే విషం ఎక్కినట్టే. మునిశేఖర్ గారూ, పది సీసాలు బయట పెట్టండి."

మునిశేఖర్ కదల్లేదు. "మేడమ్, పెట్టె ఈడ లేదు."

"ఇరవై ఉన్నాయి కదా. పొద్దున కూడా చూశాను."

"కంప్యూటర్లో ఉండాయి మేడమ్. పెట్టె బొమ్మరాయిపల్లెకు పోయింది."

"ఎందుకు?"

"తనిఖీకి."

భానుశ్రీకి ఆ జవాబులో ఒక్క ముక్క అర్థం కాలేదని ఆమె మొహం చూస్తేనే తెలుస్తోంది. చిన్నబ్బకు మాత్రం మొత్తం అర్థమైంది.

"ఉండాదని చెప్పినారు సార్" అన్నాడు. గొంతు పెంచలేదు. "మా ఊరి ఆశా వర్కరుకు ఫోను చేస్తే, ఆమె ఫోన్లో చూసి రేగడికండ్రిగలో ఇరవై ఉండాయి పో అనింది. అందుకే పుత్తూరు దారి ఇడిసిపెట్టి ఈడికి తెచ్చినా. ఆ దారిలో పోయుంటే ఈపాటికి చేరుండేవాణ్ణి."

మునిశేఖర్ ఇన్నాళ్లూ ఆ ఇరవై అనే అంకెను అధికారులు మాత్రమే చూస్తారనుకున్నాడు. దాన్ని నమ్మి ఒకడు బండి తిప్పుకుని వస్తాడని ఆయన బుర్రకు తట్టలేదు. ఫోను తీసినాడు. నిస్సీ అప్పటికే 108కు చేసింది, నలభై ఐదు నిమిషాలన్నారు. మళ్లీ బండెక్కించి పుత్తూరు పంపడానికి డాక్టరు ఒప్పుకోలేదు. చెంగమ్మ రెండుసార్లు వాంతి చేసుకుంది.

రూపశ్రీ ఐదో రింగుకు ఎత్తింది. "అన్నా, తర్వాత చేస్తా. సార్ వాళ్లుండారు."

"అమ్మా, ఫోను పెట్టొద్దు. ఆ పెట్టె బిన్నే, ఇప్పుడే పంపించు. ఈడ మనిషికి పాము కరిచింది."

"ఇప్పుడే లెక్కబెడతా ఉండారన్నా."

"లెక్కబెట్టనీ, పంపించు."

"ఏమని చెప్పి తీసుకునేది?"

అవతల ఎవరో ఎవరమ్మా ఫోన్లో అని అడగడం వినిపించింది. ఫోను చేతులు మారింది.

"నేను యోగానంద, తనిఖీ అధికారిని. ఎవరు మాట్లాడేది?"

"రేగడికండ్రిగ ఫార్మసిస్టు మునిశేఖర్, సార్."

"అది మా జిల్లా కాదు గదప్పా."

"కాదు సార్."

"మరి మీ పెట్టె ఈడెట్ల ఉండాది?"

"మాది కూడా కాదేమో సార్. నాకు సరిగ్గా తెలీదు. పాము కరిచినామె మాత్రం ఈడ ఉంది సార్."

యోగానంద, "జీపుంది, నేనే తెస్తా ఉండా" అని పెట్టేసినాడు.

ఇరవై నిమిషాలయ్యాక భానుశ్రీ గాజు గొట్టాన్ని వంచింది. రక్తం గడ్డకట్టలేదు, నీళ్ల మాదిరి జారింది. జీపు ఇంకా రాలేదు. ఆ తర్వాతి నాలుగు నిమిషాలు మునిశేఖర్ గేటు దగ్గర నిలబడి రోడ్డు చూసినాడు. గేదెలు వచ్చినాయి, పాల ఆటో వచ్చింది. ఆయనకు తప్పు ఎక్కడ మొదలైందో తేల్చుకోవాలని ఉంది. కార్డు అడగకుండా మందు ఇచ్చిన రోజా? రూపశ్రీకి పెట్టె పంపిన రోజా? రెండూ మళ్లీ అదే పరిస్థితి వస్తే చేసే పనులే. మరి తప్పు ఎవరు చేసినట్టు?

జీపు వచ్చింది. రిటైర్మెంటుకు దగ్గరపడిన మనిషి యోగానంద, డబ్బాను ఒళ్లో పెట్టుకుని దిగినాడు. వెనకాల రూపశ్రీ దిగింది. ఆ మందు పొడిగా ఉంటుంది, నీళ్లు కలిపి సీసాను అరచేతుల మధ్య మెల్లగా తిప్పాలి, గట్టిగా ఊపితే నురగొస్తుంది. పది సీసాలు. మునిశేఖర్, రూపశ్రీ ఎదురెదురుగా కూచుని తిప్పుతా ఉంటే, యోగానంద కూడా స్టూలు లాక్కుని ఒక సీసా తీసుకున్నాడు. 108 వచ్చేసరికి చెంగమ్మకు మందు ఎక్కుతోంది. ఆ అంబులెన్సులో మందు లేదు, దార్లో అవసరమవుతాయని మిగతా పది సీసాలూ ఆమెతోనే తిరుపతికి పోయినాయి.

అంబులెన్సు వెళ్లినాక యోగానంద టీ అడిగినాడు. టీ వచ్చింది.

"ఇప్పుడు చెప్పండి. ఎవరిదా పెట్టె?"

"మునిశేఖరన్నదే సార్" అంది రూపశ్రీ.

"నాకు తాటిమిట్ట పాల్ ఇచ్చినాడు సార్. వాళ్ల ఫ్రిజ్జు చెడిపోతే పెట్టుకోమన్నాడు" అన్నాడు మునిశేఖర్.

పాల్‌కు ఫోను చేసినారు. "నాది కాదు సార్, చంద్రకాంతమ్మ మేడమ్ పంపింది" అన్నాడు పాల్. చంద్రకాంతమ్మకు చేసినారు. "నాకు మునిశేఖరే కదా సార్ ఇచ్చింది, రెండేళ్ల కిందట" అందామె.

రూపశ్రీకి నవ్వొచ్చింది. ఆపుకోలేక పక్కకు తిరిగింది. యోగానంద ఖాళీ పెట్టె మీద బ్యాచ్ నంబరు చదివి, తన ఫోన్లో వెతికినాడు. ఆ నంబరు సరుకు నాలుగు సెంటర్లకూ ఒకే రోజు వచ్చింది. నలుగురిలో ఎవరిదైనా కావచ్చు.

"మెమో ఇయ్యాలంటే నలుగురికీ ఇయ్యాల" అన్నాడు చివరికి. "అందులో ఇద్దరు నా జిల్లా కాదు. నా జిల్లా వాళ్లకు మాత్రం ఇస్తే, పక్క జిల్లా వాళ్లను ఇడిసిపెట్టినారేమని అడుగుతారు. నాకేం తోచడం లేదప్పా. ఉన్నది ఉన్నట్టు కంప్యూటర్లో ఎక్కించుకోండి, అంతే." టీ గ్లాసు కింద పెట్టి, రూపశ్రీని జీపెక్కించుకుని పోయినాడు.

ఉన్నది ఉన్నట్టు ఎక్కించడం ఎంత కష్టమో ఆ సాయంత్రం మునిశేఖర్‌కు తెలిసింది. ఇరవై అన్నచోట సున్నా పెట్టినాడు. కారణమేందని కంప్యూటరు అడిగింది. ఇచ్చిన కారణాలు మూడు: గడువు తీరింది, పగిలింది, పోయింది. ఎప్పుడో వాడేసినామని చెప్పడానికి చోటు లేదు. వాడిన వాటికి కార్డు కావాలి. పదిహేను నిమిషాలు ఆ మూడు మాటల్నీ చూస్తా కూచున్నాడు. పోయింది అంటే దొంగతనం అంటారు. గడువు తీరింది అంటే తీరిన సీసాలు చూపించమంటారు. పగిలింది అని నొక్కినాడు. నిజం చెప్పడానికి ఒక అబద్ధం ఎంచుకోవాల్సి వచ్చింది. దీన్ని ఏ లెక్కన చూడాలో ఆయనకు అర్థం కాలేదు.

ఎనిమిదో రోజు గిడ్డంగి వ్యాను వచ్చి పది సీసాలు దించిపోయింది. రెండేళ్ల తర్వాత ఆ ఫ్రిజ్జులో ఉన్నదీ కంప్యూటర్లో ఉన్నదీ ఒకటే అయినాయి. మునిశేఖర్ ఆ రోజు ఫ్రిజ్జు తలుపు అవసరం లేకపోయినా మూడుసార్లు తెరిచినాడు.

ఇంకో మూడు రోజులకు చెంగమ్మ తిరుపతి నుంచి ఇంటికొచ్చింది. కిడ్నీలు దెబ్బతినలేదన్నారు. రవంత ఆలస్యమయ్యుంటే చెప్పలేమని కూడా అన్నారట. మరుసటి రోజు చిన్నబ్బ ఆమె ఆధార్ కార్డు పట్టుకుని సెంటరుకొచ్చినాడు, కేసు పుస్తకంలో నంబరు రాసుకోవాలని నిస్సీ నాలుగుసార్లు ఫోను చేసి పిలిపించింది కాబట్టి. అతను మందుల గదిలో నిలబడి ఉండగానే రూపశ్రీ ఫోను.

"అన్నా, మామిడితోట కాపలాయన. చెయ్యి మీద కరిచింది. రక్తం గడ్డ కట్టలేదు. నా దగ్గర మూడే ఉండాయి."

"నీకు సరుకు రాలేదా?"

"రాలేదన్నా. నేను ఉన్నది ఉన్నట్టు మూడని రాసినా. మూడుంటే ఇయ్యరంట. సున్నా అయితేనే వస్తాదంట."

మునిశేఖర్ ఫ్రిజ్జు తెరిచినాడు. ఐదు పంపితే లాభం లేదు, మూడూ ఐదూ ఎనిమిది, మొదటి మోతాదుకే పది కావాలి, ఎక్కించినాక ఇంకా అవసరం పడొచ్చు. పంపితే మొత్తం పంపాలి. బస్సు వచ్చేసరికి గంట పడుతుంది.

"నా బండి ఉండాది సార్, ఇయ్యండి, నేను పోతా" అన్నాడు చిన్నబ్బ. డబ్బా చేతికొచ్చినాక కదలకుండా నిలబడినాడు. "ఈలోపల మా ఊళ్లో కరిస్తే?"

"తెలీదబ్బా."

"తెలీదంటే ఎట్ల సార్? మా అక్కకు కరిచినప్పుడు కూడా ఇట్లనే గదా, పెట్టె ఆడ, మేం ఈడ."

"అప్పుడు చూపించడానికి పోయింది. ఇప్పుడు ఎక్కించడానికి పోతా ఉంది."

చిన్నబ్బ ఆ మాటను రెండుసార్లు మనసులో తిప్పి చూసుకున్నట్టు తల ఊపినాడు. ఒప్పుకున్నాడని కాదు. డబ్బాను ముందు పెట్టుకుని వెళ్లిపోయినాడు.

మునిశేఖర్ కంప్యూటర్ ముందు కూచున్నాడు. బొమ్మరాయిపల్లెకు పది ఇచ్చినామని ఎక్కిద్దామంటే జాబితాలో ఆ పేరు ఎప్పటిలాగే లేదు. కంప్యూటర్లో పది, ఫ్రిజ్జులో సున్నా. మళ్లీ పగిలింది అని నొక్కితే పదిహేను రోజుల్లో ముప్పై సీసాలు పగలగొట్టినవాడవుతాడు. నొక్కకపోతే ఊళ్లో ఆశా ఫోన్లో పది కనబడతాయి, ఇంకెవరో బండి ఇటు తిప్పుతారు.

ఆయన ఒక తెల్లకాగితం తీసుకుని పెద్ద అక్షరాలతో రాసినాడు: పాముకాటు మందు ఇప్పుడు ఈ సెంటర్లో లేదు. పుత్తూరుకు పోండి. దాన్ని గేటుకు అంటించి, ఫోటో తీసి, చుట్టుపక్కల ఆశాలందరికీ పంపించినాడు.

భానుశ్రీ బయటికొచ్చి చదివింది. "ఇలా పెట్టొచ్చా? ఇది పైవాళ్లకు పోతుంది."

"పెట్టొచ్చో లేదో తెలీదు మేడమ్."

"కంప్యూటర్లో పది చూపిస్తోంది."

"చూపిస్తా ఉంది మేడమ్."

ఆమె పెన్ను తీసి కాగితం కింద 108 అని రాసింది.

రెండు గంటల తర్వాత రూపశ్రీ ఫోను చేసింది. కాపలాయనకు పది సీసాలు ఎక్కించినారు, తెలివిలోనే ఉన్నాడు, అంబులెన్సులో ఎక్కించినారు. దార్లోకి ఇస్తామంటే ఆ బండిలోనే మందుందన్నారట.

"మూడు మిగిలినాయన్నా. చిన్నబ్బన్న ఇంకా ఈడే ఉండాడు. ఇచ్చి పంపించేదా?"

మునిశేఖర్ గేటుకు ఆనుకుని ఆలోచించినాడు. మూడు సీసాలతో ఎవరికీ ఏమీ కాదు, ఇక్కడైనా అంతే, అక్కడైనా అంతే. ఆమె దగ్గర ఉంటే ఆమెకు కొత్త సరుకు రాదు. తను తీసుకుంటే ఆమెకు పది వస్తాయి, కానీ కంప్యూటర్లో పది ఉన్న తనకు మూడొచ్చి, గేటు మీద లేదని రాసిన కాగితం అబద్ధమవుతుంది. పోనీ తీసుకోకపోతే, రేపు ఎవరికైనా కరిస్తే రెండు చోట్లా లేనట్టే.

"అన్నా, ఉండావా? చిన్నబ్బన్న తొందర పడతా ఉండాడు."

"ఉండాను" అన్నాడు మునిశేఖర్. "ఒక్క నిమిషం ఆపమ్మా ఆయన్ని."

నిమిషం అయింది. ఇంకో నిమిషం కూడా అయింది. రూపశ్రీ ఫోను పెట్టలేదు.